మూలుగ (పద్నాలుగో భాగం): మూడు బిళ్లల పొట్లం

పోయినవారం సారాను ఉదయగిరి చర్చి వెనక గదిలో, సాక్ష్యాల పుస్తకం ముందు వదిలి వచ్చాం. పాపం ఆ పిల్ల రాత్రంతా కన్ను మూయలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

సారా, ఊరందరికీ కీళ్ల నొప్పుల మందు పొట్లం కట్టిచ్చే ఉదయగిరి కాంపౌండర్ డేవిడ్‌రాజు ఒక్కగానొక్క కూతురు. హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో నాలుగేళ్లుగా ఎముకల మూలుగ మీద పని చేస్తోంది. వాళ్లమ్మ మస్తానమ్మకు యాభై ఆరేళ్లు. రెండేళ్ల కిందట చెంబు ఎత్తబోతే మణికట్టు విరిగింది. పోయిన శుక్రవారం ప్రార్థనలో మోకాళ్ల మీద నుంచి లేవబోతే తుంటి విరిగింది. పడలేదు, జారలేదు, ఎవరూ తోయలేదు. ఊరికే లేవబోయింది, అంతే. ఇప్పుడు ఆత్మకూరులో ఒక నర్సింగ్ హోంలో ఉంది. నెల్లూరు నుంచి వారానికోసారి వచ్చే ఎముకల డాక్టరు ఈ గురువారం పదకొండు గంటలకు ఆపరేషన్ చేస్తానన్నాడు. అక్కడ తోడుగా సారా చిన్నమ్మ ఉంది.

ఇక ఆ పుస్తకం. ఉదయగిరి సంఘంలో ఒక అలవాటుంది. జబ్బు నయమైనవాళ్లు ఆదివారం ఆరాధన చివర లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఏం జబ్బు, ఎన్నాళ్లు బాధపడ్డారు, ప్రభువు ఎలా స్వస్థపరిచాడు, అన్నీ చెప్పాలి. సంఘపెద్ద ఆదెయ్య దాన్ని తేదీతో సహా పుస్తకంలో రాస్తాడు. అదే పుస్తకాన్ని తిరగేసి పట్టుకుంటే వెనక నుంచి ప్రార్థన కోరినవాళ్ల పేర్లుంటాయి. ముందువైపు సంతోషం, వెనకవైపు కష్టం. ముప్ఫై ఏళ్లుగా ముందువైపు చదివినవాళ్లు ముందువైపే చదివారు, వెనకవైపు చదివినవాళ్లు వెనకవైపే చదివారు. రెండూ కలిపి చదవాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. బుధవారం సాయంత్రం సారాకు పుట్టింది.

ముందువైపు: మోకాళ్ల నొప్పులు పోయాయి, డేవిడ్‌రాజన్న పొట్లంతో ప్రభువు లేపాడు. ఐదారేళ్ల తర్వాత వెనకవైపు అదే పేరు: నడుం విరిగింది, ప్రార్థించండి. ముందువైపు పొట్లం, వెనకవైపు తుంటి. అలా పందొమ్మిది మంది ఆడవాళ్లు. పందొమ్మిదో పేరు మస్తానమ్మ.

గురువారం తెల్లవారింది. ఆరున్నర అయింది. ఎనిమిది గంటల బస్సుకు తండ్రీకూతుళ్లు ఆత్మకూరు పోవాలి. డేవిడ్‌రాజు వసారాలో బల్ల ముందు కూర్చుని పొట్లాలు కడుతున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, ఎడమ చేతికి పాత గడియారం. బడిపిల్లల పాత నోటుపుస్తకాల కాగితాలను సమంగా చించి, ఒక్కో ముక్కలో మూడేసి తెల్ల బిళ్లలు పెట్టి, మడిచి, చివర లోపలికి దోపి, కళ్లు మూసుకుని పెదాలు కదిపి పక్కన పెడతాడు. ప్రతి పొట్లం మీదా ప్రార్థనే. ఆ మనిషిని ఆ పనిలో చూస్తే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది, అబద్ధం చెప్పను. చెడ్డవాడి మీద కోపం తెచ్చుకోవడం సులువు. ఇలాంటివాడి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో సారాకు తెలియలేదు.

ఆమె లోపలి బీరువా లోంచి తెచ్చిన రెండు వస్తువులు బల్ల మీద పెట్టింది. ఒకటి మూత తుప్పు పట్టిన పాత రేకు డబ్బా. రెండోది నెల్లూరు మందుల షాపు నుంచి వచ్చిన ప్లాస్టిక్ సీసా, వెయ్యి బిళ్లలది, సగం ఖాళీ.

"ఏంది సారమ్మా, పొద్దున్నే బీరువా తెరిచినావు?"

"ఈ సీసా మీద పేరు చదువు నాయనా."

"డెక్సామెథాసోన్. నాకు తెలీదా ఏంది?"

"నాకూ తెలుసు. నేను దినామూ చూసే పేరే ఇది. మా ల్యాబులో నా బల్ల మీద చిన్న సీసాలో ఉంటాది. దాంతో నేనేం చేస్తానో ఎప్పుడన్నా అడిగినావా?"

డేవిడ్‌రాజు చేతిలోని పొట్లం మడత పూర్తి చేసి పక్కన పెట్టాడు.

"నువ్వు చెప్పినా నాకు అర్థమవుతాదా తల్లీ. ఎముకల మీద చదువుతా ఉండావని అందరికీ గొప్పగా చెప్పుకుంటా ఉండా."

"ఈ పొద్దు అర్థమయ్యేట్టు చెప్తా. మన మూలుగలో కొన్ని కణాలుంటాయి. ఇంకా ఏ పనీ ఖాయం కానివి. మూలకణాలంటాం. వాటి ముందర రెండు దార్లుంటాయి. ఒక దారిన పోతే ఎముక కట్టే కణమయితాది. ఇంకో దారిన పోతే కొవ్వు నింపుకొని కూర్చునే కణమయితాది. వాటిని గాజు గిన్నెలో పెంచి, కొవ్వు దారికి మళ్లించాలంటే మేం ఏం పోస్తామో తెలుసా? ఇంకో రెండు మందులతో కలిపి ఈ మందే పోస్తాం. ఈ మందే నాయనా. రెండు వారాల్లో గిన్నె నిండా నూనె బొట్లు."

"గిన్నెలో నూనె బొట్లకూ మనుషులకూ ఏం సంబంధం?"

"ఆ నూనెను పట్టుకొని కణంలో మోసే చిన్న ప్రోటీన్ ఒకటుండాది. కొవ్వు దారి పట్టిన కణంలో అది పుట్టుకొస్తాది. ఎముక కట్టే కణంలో అది కనపడదు. అది ఊరికే మోసే కూలీనా, లేక కణం చేత ఎముక పని మానిపించే పెత్తందారా అనేదే నాలుగేండ్లుగా నేను వెతుకుతా ఉండా. అది ఇంకా ఖాయంగా తేలలేదు. కానీ ఒకటి మాత్రం నా కండ్లతో చూసినా. అమ్మ మణికట్టు విరిగినప్పుడు డాక్టరును అడిగి చిన్న ఎముక ముక్క తీసుకపోయినా గదా. దాన్ని రంగు వేసి చూసినా. యాభై నాలుగేండ్ల మనిషి మూలుగ. ఎనభై ఏండ్లోళ్లలో కూడా అంత కొవ్వు నేను చూడలేదు. ఆ ప్రోటీన్ ఎక్కడ చూసినా ఉండాది. ఎముక కట్టే కణం వెతికినా దొరకలే."

ఆ రోజు హైదరాబాదులో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని సారా చాలా ఆలోచించింది. సజ్జలు రాగులు తిన్న మనిషి, జీవితమంతా నీళ్లు మోసిన మనిషి, ఎండలో తిరిగిన మనిషి. ఆమెకు ఇంత బోలు ఎముక ఎందుకు వచ్చిందని రెండేళ్లు పుస్తకాలు తిరగేసింది. నీళ్లలో ఫ్లోరైడ్ అనుకుంది. వంశంలో ఏదో లోపం అనుకుంది. దీపం కింద చీకటి అన్నట్టు, జవాబు సొంత ఇంటి బీరువాలో రేకు డబ్బా పక్కన ఉంది.

డేవిడ్‌రాజు ముఖం గంభీరమైంది. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"నువ్వు పుట్టకముందు సంగతి చెప్తా విను. అరవై ఏడో సంవత్సరం. పాత మిషన్ ఆసుపత్రికి ఒక గొల్లావిడను మంచంతో మోసుకొచ్చినారు. కీళ్లన్నీ వాచిపోయి రెండేండ్లుగా మంచంలోనే. ఆడి డాక్టరు దొరసానమ్మ ఈ డబ్బాలోంచి మూడు బిళ్లలు తీసిచ్చింది. నా చేతనే మింగించింది. మూడో దినం ఆమె లేచి వరండాలో నడిచింది సారమ్మా! నేను చూసినా. నా కండ్ల ముందర. అప్పటిదాకా సువార్తలో చదివిందే, ఆ పొద్దు చూసినా. పడక ఎత్తుకొని నడువు అన్న మాట."

"ఆ తర్వాత దొరసానమ్మ ఏం చేసింది?"

"ఏం చేసేదేంది?"

"మూడు బిళ్లలూ ఎన్నాళ్లిచ్చింది?"

ఆయన ఇంకో కాగితం ముక్క అందుకున్నాడు. సారా రేకు డబ్బా మూత తీసింది. మూత లోపల అతికించిన చిన్న కాగితం ఉంది. పసుపు రంగుకు తిరిగి, అంచులు చిట్లిపోయినా అక్షరాలు నిలిచాయి. దొరసానమ్మ చేతిరాత. వచ్చీరాని తెలుగులోనే రాసింది, తన కాంపౌండరుకు తెలియాలని.

సారా పైకి చదివింది. "ఒక వారం మూడు. ఒక వారం రెండు. ఒక వారం ఒకటి. తర్వాత నిలుపు. మరువవద్దు డేవిడ్."

సారా మూతను ఆయన ముందుకు జరిపింది.

"ఇది నీకు తెలుసు గదా నాయనా."

"తెలుసు."

"మరి ఎందుకు తగ్గించలేదు?"

డేవిడ్‌రాజు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు. ఇంతవరకూ ఈ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికుంది? ఆయన కూడా తనను తాను అడుక్కోలేదని మనం అనుకోవచ్చు. కానీ అది నిజం కాదు. ఆ జవాబు ఆయన దగ్గర ఏనాటి నుంచో సిద్ధంగా ఉంది.

"దొరసానమ్మ వాళ్ల దేశం పోయింది. ఆసుపత్రి మూసేసినారు. జనం నా గుమ్మంలోకి వచ్చినారు. మూడు వారాలయినాక నిలిపితే నొప్పి తిరిగొచ్చింది. మళ్లీ మంచమే. ఏడ్చుకుంటా వచ్చినారు. అప్పుడు నేను మోకరించి అడిగినా. ప్రభువా, ఏం చేయమంటావని. మూడు అనే మాట నా గుండెకు తగిలింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. పొద్దున ఒకటి, మద్దేనం ఒకటి, సాయంత్రం ఒకటి. దాన్ని రెండు చేయడానికి, ఒకటి చేయడానికి నాకు చేతులు రాలేదు. ఎవర్ని తీసేసేది? తండ్రినా, కుమారుడినా?"

చదువుకున్నవాళ్లకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. సారాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు తనూ మూడుసార్లు ఆమేన్ అంటేనే అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్న పిల్లే. తండ్రి ఎక్కడ తప్పిపోయాడో ఆమెకు స్పష్టంగా కనబడింది. ఆ చోట తను ఉన్నా తప్పిపోయేదేమో అని కూడా అనిపించింది. అందుకే ఇంకా దుఃఖం వచ్చింది.

ఆమె రాత్రి రాసుకున్న కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. మూడు వరసలు. పేరు, సాక్ష్యం చెప్పిన సంవత్సరం, ఎముక విరిగిన సంవత్సరం.

డేవిడ్‌రాజు వేలు పెట్టి ఒక్కో పేరూ చదివాడు. ప్రతి పేరు దగ్గరా ఆగాడు. ఒకామె కానుపు ఆయన చేతుల మీద జరిగింది. ఒకామె కొడుకు పెళ్లిలో ఆయనే ప్రార్థన చేశాడు. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నడిపే జోయల్ తల్లి పేరుంది, ఆమె వెన్నెముక కుంగిపోయి జానెడు పొట్టిగా అయిపోయింది. అందరూ వయసు మీద పడిందన్నారు. ఆయనా అదే అన్నాడు. వేలు కిందికి దిగుతున్నకొద్దీ నెమ్మదించింది. చివరి పేరు దగ్గర ఆగిపోయింది.

"మస్తానమ్మ," అన్నాడు. భార్యను పేరు పెట్టి పిలవడం సారా అంతకుముందు వినలేదు.

"తొమ్మిదేండ్లు నాయనా. ఎనభై తొమ్మిది నుంచి."

"మోకాళ్లు నొప్పులని ఏడ్చేది. ఇంట్లో మందు పెట్టుకొని ఊరోళ్లకిచ్చి పెండ్లానికి ఇయ్యకుండా ఎట్టా ఉండేది? అందరికంటే ఎక్కువ ప్రార్థన చేసి ఇచ్చినా ఆమెకు." ఆయన వేలు ఆ పేరు మీది నుంచి తీయలేదు. "నా చేత్తోనే విరిచినా అంటావా సారమ్మా?"

సారా కాదని అనలేకపోయింది. అవునని కూడా అనలేకపోయింది. ఆ కాగితాన్ని మడిచి తన వైపు తీసుకుంది.

అప్పుడే గేటు చప్పుడైంది.

వచ్చింది మర్రిపాడు పక్క పల్లె నుంచి నాగులమ్మ. జీవాలు మేపుకునే ఇంటి మనిషి. ఆ కులమనీ ఈ మతమనీ లేదు, డేవిడ్‌రాజు పొట్లం అందరిదీ. పదిహేను రోజులకోసారి మొదటి బస్సుకు వచ్చి పొట్లాలు తీసుకుని పోతుంది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి గానీ ముఖం మాత్రం గుండ్రంగా, నున్నగా నిండి ఉంది. డేవిడ్‌రాజు మందు తింటే మొహానికి కళ వస్తుందని ఆ పక్క ఊళ్లలో పెద్ద పేరు. ఆ నిండుతనం కండ కాదని, మందు చేసే వాపని ఎవరికి తెలుసు? సారాకు ఇన్నాళ్లకు ఇప్పుడే తెలిసింది. అమ్మ ముఖం కూడా అలాగే ఉంటుంది. పోయిన క్రిస్మసుకు వచ్చినప్పుడు, అమ్మా బాగా ఒళ్లు చేసినావే అని తనే మురిసిపోయింది.

"అయ్యగోరూ, అమ్మకు ఎట్టుండాది?" అంటూ నాగులమ్మ మెట్టు మీద కూలబడింది. "మీరు ఆత్మకూరు పోతారని తెలిసి తెల్లారుజామునే బయల్దేరినా. నాయి నిన్నటితో అయిపోయినాయి. పొట్లాలు ఇస్తే పోతా."

డేవిడ్‌రాజు లేచి నిలబడ్డాడు. బల్ల మీద కట్టిన పొట్లాలన్నీ రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు.

"లేదు నాగులమ్మా. ఇంక మందు లేదు."

"ఏంది అయ్యగోరూ, ఆడ కుప్ప కనబడతా ఉంటే!"

"అది మందు కాదమ్మా. నేను మోసపోయి మిమ్మల్ని మోసం చేసినా. ఈ పొద్దుతో ఆపేస్తా ఉండా. మీ పల్లెలో ఎవరి దగ్గర మిగిలినా పారెయ్యమని చెప్పు. ఒక్కటి కూడా మింగొద్దని నా మాటగా చెప్పు."

ఆయన పొట్లాలను దోసిట్లోకి ఎత్తుకుని నీళ్ల గాబు వైపు నడిచాడు. చేసిన తప్పు తెలిసిన మనిషి వెంటనే దాన్ని కడుక్కోవాలని చూస్తాడు. ఆయనలో ఉన్న మంచితనమే ఆయన్ను తొందరపెట్టింది. ముప్ఫై ఏళ్ల కిందట తొందరపెట్టిందీ అదే.

"ఆగు నాయనా!" సారా అరిచింది. పరుగున పోయి ఆయన మణికట్టు పట్టుకుంది. "పారేయొద్దు. ఇయ్యి. ఆమెకు ఇయ్యి!"

నాగులమ్మ నోరు తెరిచి చూసింది. డేవిడ్‌రాజు కూతురి వైపు తిరిగాడు.

"ఏంది నువ్వు చెప్పేది? ఇంతసేపూ విషమంటివి గదా!"

"విషమే. కానీ ఒక్కసారిగా ఆపితే అంతకంటే పెద్ద విషం. మన ఒంట్లో మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. ఈ మందులాంటిది అవే తయారు చేస్తాయి. బయట నుంచి ఏండ్ల తరబడి పోస్తా ఉంటే అవి పని మానేసి నిద్రపోతాయి. ఇప్పుడు నువ్వు ఉన్నట్టుండి ఆపినావనుకో, లోపల తయారు చేసేవాళ్లు లేరు, బయట నుంచి వచ్చేది లేదు. వాంతులయితాయి, బీపీ పడిపోతాది, మనిషి మగతలోకి పోతాది. ఆ సమయంలో జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా ప్రాణం పోతాది. అందుకే దొరసానమ్మ మూడు, రెండు, ఒకటి అని రాసింది. నొప్పి కోసం కాదు నాయనా, ఆ గ్రంథులను మెల్లగా నిద్ర లేపడానికి. ఇంత కాలం వాడినోళ్లకు వారాలు కాదు, నెలలు పడతాది. డాక్టరు చూస్తా ఉండగా తగ్గించాలి."

ఆమె నాలుగు రోజులకు నాలుగు పొట్లాలు ఏరి నాగులమ్మ చేతిలో పెట్టింది. "అవ్వా, మామూలుగానే మింగు. ఆదివారం నేను మీ పల్లెకు వస్తా. అప్పటిదాకా ఒక్క పూట కూడా మానొద్దు."

ఈ అమ్మాయి ముప్ఫై ఏళ్ల తప్పును ఆపాలని వచ్చింది. చివరికి తన చేత్తోనే పొట్లం ఇవ్వాల్సి వచ్చింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ, ఒక్కోసారి కడుక్కోవడానికి కూడా అడుసులోంచే నడవాలి.

సారా తలెత్తి చూసేసరికి డేవిడ్‌రాజు గాబు పక్కన అలాగే నిలబడి ఉన్నాడు. దోసిలి సడలింది. పొట్లాలు ఒకటొకటిగా జారి నేల మీద పడుతున్నాయి.

"వాంతులన్నావా?" అన్నాడు.

"ఏంది నాయనా?"

"మీ అమ్మకు ఆదివారం నుంచి వాంతులు. మగతగా ఉండాది, చల్లటి చెమటలు పడతా ఉండాయి."

"నొప్పికి అట్టా ఉండాదని అన్నారు గదా..." అని సారా మాట మధ్యలోనే ఆగిపోయింది. "నువ్వు దినామూ ప్రార్థన పుస్తకం సంచి తీసుకొని ఆత్మకూరు వచ్చినావు. పొట్లం తెచ్చి ఇచ్చినావు గదా? ఇస్తానే ఉండావు గదా?"

"ఇయ్యలేదు."

"ఎప్పటి నుంచి?"

"శుక్రవారం చేర్పించినప్పటి నుంచి. ఆడ నర్సమ్మలుంటారు, డాక్టర్లుంటారు. కాంపౌండరు బిళ్లలు చూస్తే నవ్వుతారని సిగ్గేసింది సారమ్మా. పెద్ద డాక్టర్లు చూస్తా ఉండారు గదా, నావి ఎందుకులే అనుకున్నా. మీ అమ్మ కూడా అడగలేదు."

ఆరు రోజులు.

సారాకు హైదరాబాదు నుంచి వచ్చీరాగానే నర్సింగ్ హోంలో నింపిన కాగితం గుర్తొచ్చింది. రోగి వాడుతున్న మందులు అన్న చోట ఏం రాయాలని అమ్మను అడిగింది. ఏమీ లేవే అంది అమ్మ. అబద్ధం కాదు, ఆమె లెక్కలో పొట్లం మందు కాదు, దీవెన. సారా తన చేత్తోనే "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టింది. ఎముకల మీద నాలుగేళ్లు చదివిన సారా! ఈ ఉదయం సీసా దొరికాక కూడా, పదకొండు గంటలకు గదా ఆపరేషను, పోయినాక డాక్టరుకు చెబుదాంలే అనుకుంది. తండ్రి మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా తన మీదకు తిరిగింది.

"ఆ మందు కడుపులో లేకుండా కత్తి పెడితే..." అంది. పూర్తి చేయలేదు. "నడువు నాయనా. బస్సు కాదు, ముందు ఫోను!"

బస్టాండు పక్కన జోయల్ ఎస్టీడీ బూతు అప్పుడే తెరిచాడు. ఎనిమిది గంటల బస్సు కోసం పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు. అందులో సగం మంది సంఘం వాళ్లే. సాక్ష్యాల పుస్తకం రాసే ఆదెయ్య కూడా చేతిసంచితో ఉన్నాడు, మస్తానమ్మను చూసి రావడానికి ఆయనా ఆత్మకూరే పోతున్నాడు. తండ్రీకూతుళ్లు చెప్పులు లేకుండా పరిగెత్తుకు రావడం చూసి అందరూ బూతు చుట్టూ మూగారు.

మొదటిసారి లైను కలవలేదు. రెండోసారి ఎంగేజ్. మూడోసారి కలిసింది. బూతు గోడ మీది గడియారం ఏడూ నలభై చూపిస్తోంది.

"మస్తానమ్మ కూతురు సారాను మాట్లాడతా ఉండా," అంది. "డాక్టరుగారు నెల్లూరు నుంచి బయల్దేరినారా?"

అవతల నర్సు గొంతు హడావుడిగా ఉంది. "ఆయన నిన్న సాయంత్రమే వచ్చేసినారమ్మా. మద్దేనం వింజమూరులో పెండ్లికి పోవాలంట. మీ అమ్మ కేసు ముందుకు జరిపినారు. ఇందాకనే లోపలికి తీసుకుపోయినారు. మీ చిన్నమ్మ సంతకం పెట్టింది."

"ఆపండి!" సారా గొంతు చీరుకుపోయింది. "కత్తి పెట్టొద్దని చెప్పండి. మత్తు డాక్టరును పిలవండి, అర్జెంటు. మా అమ్మ తొమ్మిదేండ్లుగా స్టీరాయిడ్ మింగతా ఉండాది. ఆరు దినాల కిందట ఆగిపోయింది. మాకు ఇప్పుడే తెలిసింది."

అవతల బల్ల కదిలిన చప్పుడు. అడుగుల చప్పుడు. కాసేపటికి ఒక మగ గొంతు వచ్చింది. ఆత్రంగా, చిరాగ్గా ఉంది.

"నేను మత్తు డాక్టర్ భరత్‌ను. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి పది నిమిషాలైంది, బీపీ పడిపోతోంది. సెలైన్ పెట్టినా లేవడం లేదు. కేసు షీట్లో మందులు ఏమీ లేవని ఉంది. ఇప్పుడు స్టీరాయిడ్ అంటున్నారు. ఏది నమ్మమంటారు? ఏ బిళ్ల? ఎంత పవరు? రోజుకు ఎన్ని? ఎవరిచ్చారు?"

సారాకు పేరు తెలుసు. ఇంట్లో రోజుకు మూడని తెలుసు. మిగతావి ఖాయంగా తెలియవు. బిళ్లలు మధ్యలో ఎప్పుడైనా పెంచారా, వేరే కంపెనీవి వాడారా, ఏదీ తెలియదు. తెలిసిన మనిషి ఆమె పక్కనే ఉన్నాడు. ఆ బూతులో, ఆ జనం మధ్యలో, తల దించుకుని ఉన్నాడు.

ఆమె రిసీవరు ఆయన ముందుకు చాపింది.

"నువ్వే చెప్పాల నాయనా."

డేవిడ్‌రాజు చుట్టూ చూశాడు. జోయల్ ఉన్నాడు. ఆదెయ్య ఉన్నాడు. తన పొట్లం తిని సాక్ష్యం చెప్పిన ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ముప్ఫై ఏళ్లుగా ఈ మనుషుల ముఖాల్లోనే ఆయన తన బతుకు చూసుకున్నాడు. ఒక్క మాట అంటే అది ఇక ఉండదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, సారాకూ తెలుసు.

భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చర్చిలో లేచి నిలబడేవాళ్లు అలాగే చేస్తారు. ఎడమ చేత్తో రిసీవరు అందుకున్నాడు, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"అయ్యా, నా పేరు డేవిడ్‌రాజు. కాంపౌండరును. మస్తానమ్మ భర్తను." ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "డెక్సామెథాసోన్. అర మిల్లీగ్రాము బిళ్ల. దినానికి మూడు. తొమ్మిదేండ్ల నుంచి ఒక్క పూట మానకుండా. ఇచ్చింది నేనే. ఆమెకు ఏమీ తెలీదు. పోయిన శుక్రవారం ఆపింది కూడా నేనే, సిగ్గుపడి. ఆమెకే కాదు, ఈ ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో ఎంతోమందికి ఇచ్చినా. మీ కాగితంలో మందులు లేవని ఉండేది తప్పు. తప్పు నాది. ఇదే నా సాక్ష్యం. నమ్మండయ్యా."

 జోయల్ మీటరు మీద నుంచి చెయ్యి తీసేశాడు. అతని కళ్లు డేవిడ్‌రాజు ముఖం మీద ఉన్నాయి. ఇంట్లో గూనితో కూర్చునే తల్లి అతనికి అప్పుడే గుర్తొచ్చింది. ఆదెయ్య చేతిసంచి నేల మీద పెట్టేశాడు.

 అవతల డాక్టరు రిసీవరు పెట్టేయలేదు, బల్ల మీద పడేసినట్టున్నాడు. "హైడ్రోకార్టిసోన్! ఎక్కడుంది? తీయండి, త్వరగా!" అన్న కేక దూరం నుంచి వినబడింది. ఒంట్లో లేకుండా పోయిన మందుకు బదులు సూదితో ఎక్కించే మందు అది. పరిగెత్తే అడుగులు. గాజు సీసా ఏదో పగిలిన చప్పుడు. తలుపు గట్టిగా మూసుకుంది. తర్వాత ఏమీ లేదు. లైను మాత్రం కలిసే ఉంది. ఎనిమిది గంటల బస్సు వచ్చి ఆగింది, హారన్ కొట్టింది, ఎక్కడానికి ఒక్కరూ కదల్లేదు.

డేవిడ్‌రాజు రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. సారా ఆయన మోచేయి పట్టుకుంది.

చాలాసేపటికి అవతల తలుపు తెరుచుకుంది. ఎవరో నడిచొచ్చి రిసీవరు ఎత్తారు. డాక్టరు కాదు, నర్సు కాదు. ఊపిరి ఎగబీల్చుకుంటున్న ఆడమనిషి. మస్తానమ్మ చెల్లెలు.

"బావా," అంది. ఆ పైన మాట రాక ఏడ్చింది. "బావా, ఈడికి ఎప్పుడొస్తా ఉండావు? అక్క నిన్నే అడుగుతా ఉండాది..."